గరివిడి పిల్లకో నవల

బడిలో ముఠా కట్టి ఒకణ్ణి వేధించడం మీద అమెరికా రచయిత రాబర్ట్ కార్మియర్ 1974లోనే ‘ది చాక్లెట్ వార్’ నవల రాశాడు. అక్కడి పిల్లలకు అలాంటి నవలలు బోలెడు. మనకో? విజయనగరం కథకుడు చాసో రాసిన ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో చదువు ఆగిపోయిన కుర్రాడు తోటిపిల్లలకు మొహం చూపించలేక నలిగిపోతాడు. గొప్ప కథే, కానీ పెద్దల కోసం రాసింది. ఇక మన పిల్లల సంగతి చూడండి: విజయనగరం జిల్లా గరివిడిలో పదో తరగతి అయ్యి విశాఖ హాస్టల్లో చేరిన పిల్ల నోరు విప్పితే చాలు, యాసకు నవ్వుతారు. (ఆ నవ్వు నేర్పింది మన సినిమాలే.) అమెరికా నవలల్లోని చీర్‌లీడర్లూ ఫుట్‌బాల్ వీరులూ మన బళ్లలో లేరు, ర్యాంకు, సెక్షను, కులం ఉన్నాయి. ఉత్తరాంధ్ర రచయితలూ, ఆ పిల్ల చదువుకునే నవల ఒకటి ఆ యాసలోనే రాయండి. చివర నీతి మాత్రం అతికించకండి.