గాలిపటాలు ఎగిరిన తీరం

ఎండలు ముదరగానే బిలాస్‌పూర్ మంగ్లాలో మన తెలుగు పిల్లలు సంచులు సర్దుకుంటారు. కోర్బా–విశాఖ రైలెక్కితే తెల్లారేసరికి అమ్మమ్మగారి ఊరి కబుర్లే. వెళ్లడానికి ఊరే మిగలని పిల్లలకు వేసవి ఎలా గడుస్తుంది?

గాజాలో పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ 2007 నుంచి కొన్నేళ్లపాటు ‘వేసవి ఆటలు’ నడిపింది. 2011 జులై 28న అక్కడి సముద్రపు ఒడ్డున పిల్లలు ఒకేసారి 12,350 గాలిపటాలు ఎగరేసి ప్రపంచ రికార్డు సాధించారు. కంచె దాటి అడుగు పెట్టలేని పిల్లల పిడికిట్లో దారం, పైన గాలికి టపటపలాడే కాగితపు తోక! ఆ దృశ్యం తలచుకుంటే గుండె పట్టేస్తుంది. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఆ సంస్థ బడులే తలదాచుకునే చోట్లయ్యాయి. 2024 ఆగస్టులో ఆ శిబిరాల్లోనే పిల్లలకు మళ్లీ ఆటపాటలు మొదలుపెట్టారు. పిండి మూట ఎంత అవసరమో బంతీ అంతే అవసరమని మా నమ్మకం.

ఇది దూరదేశపు గోడు మాత్రమే కాదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక మన ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాలు విడిచి భద్రాచలం వైపు అడవుల్లోకి చేరిన గుత్తికోయ ఆదివాసీ కుటుంబాలున్నాయి. ఆ పిల్లలకు ఇంట్లో కోయ, బడిలో తెలుగు. మన రాష్ట్రం వదిలి మన భాష దగ్గరికి వెళ్లినవాళ్లు. బిలాస్‌పూర్ తెలుగువారు ఈ మే నెలలో ఓ పది రోజులు వాళ్ల దగ్గరికి వెళ్లి ఆటలాడించాలి. రంగు కాగితాలు, వెదురు పుల్లలు, దారపు కండెలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లవచ్చు.