ముడి కొలత ఇవ్వని సర్వేకు బిల్లెందుకు?

సర్వేకు డబ్బు కట్టినవాడికి కొలతలు దక్కడం లేదు, బొమ్మ దక్కుతోంది. మన నిర్మాణ రంగం ఈ అన్యాయాన్ని ఆనవాయితీ చేసుకుంది. దీన్ని ఇక్కడితో ఆపాలి.

మండుటెండలో టోటల్ స్టేషన్ నిలబెట్టి, ముళ్లకంపల మధ్య ప్రిజం పట్టుకుని కుర్రాళ్లు తిరిగితే ఒక్కో పాయింటు మిల్లీమీటర్లతో సహా నమోదవుతుంది. అది క్యాడ్‌లోకి వెళ్లడానికి పట్టేది కొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాల్లోనే కొలతను ఖూనీ చేస్తున్నాం. యజమాని చేతికొచ్చేది ఒక పీడీఎఫ్, మహా అయితే ఒక డీడబ్ల్యూజీ. ముడి ఫైలు అడిగితే ‘అది మీకెందుకు సార్’ అంటారు. గట్టిగా నిలదీస్తే దానికి వేరే రేటు చెబుతారు. నేను పనిచేసిన ఒక సైటులో కోఆర్డినేట్లను కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. డ్రాఫ్ట్స్‌మన్ కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ టైపు చేశాడు. ఎక్కడ 6 బదులు 9 పడిందో ఎవడు చూడొచ్చాడు? ఆ అంకెల మీదే పిల్లర్లు లేచాయి.

ఇది చిన్న విషయం అనేవాళ్లు ఈ ఒక్క వరుస చూడండి: 101, 1825340.218, 462115.604, 21.385, ఈపీ. విజయవాడ ప్రాంతంలో రోడ్డు అంచున తీసిన పాయింటు ఇలా ఉంటుంది. నంబరు, ఉత్తరం, తూర్పు, ఎత్తు, కోడ్. క్యాడ్‌కు మాత్రం ఎక్స్ అంటే తూర్పు, వై అంటే ఉత్తరం. ఏది ముందో ఫైలు నెత్తిన రాసి ఉండదు. ఇంత పెద్ద సంఖ్యలు తారుమారైతే బొమ్మ ఎక్కడో పడుతుంది కాబట్టి తప్పు తెలిసిపోతుంది. కానీ మన సైట్లలో స్టేషన్‌కు 1000, 1000, 100 అని సొంతంగా అనుకుని పని మొదలుపెట్టేవాళ్లు బోలెడుమంది. అక్కడ ఉత్తరం, తూర్పు తారుమారైతే బొమ్మ అదే చోట, అద్దంలో చూసినట్టు తిరగబడి కూర్చుంటుంది. దూరాలు సరిపోతాయి. వైశాల్యం సరిపోతుంది. ఈశాన్యం ఈశాన్యంలోనే ఉంటుంది. వాయవ్యంలో ఉన్న బావి మాత్రం ఆగ్నేయానికి పోతుంది. టేపు పట్టి కొలిచినా దొరకని తప్పు ఇది. ఆ బొమ్మను నమ్మి ముగ్గు పోస్తే జేసీబీ తప్పు చోట దిగుతుంది.

ఎత్తుల సంగతి మరీ ఘోరం. డీజీపీఎస్ ఇచ్చే ఎత్తుకు ఆధారం ఎలిప్సాయిడ్, సముద్రమట్టం కాదు. తెలుగు నేల మీద చాలాచోట్ల ఈ రెంటికీ తేడా 70 మీటర్ల పైమాటే. విజయవాడలో ఆ ఎత్తు ఏకంగా మైనస్‌లో వస్తుంది. దాన్ని సరిదిద్దారా, ఏ బెంచ్‌మార్క్‌కు కట్టారు అన్నది రాయకుండా ఆర్‌ఎల్ అని ఒక అంకె పడేస్తే కాలువ నీళ్లు ఎటు పారాలి? యూరప్‌లోనూ ఇలాంటి దెబ్బ తగిలింది. జర్మనీ, స్విట్జర్లాండ్ మధ్య రైన్ నది మీద లాఫెన్‌బుర్గ్ వంతెన కట్టేటప్పుడు రెండు దేశాల సముద్రమట్టాలకు 27 సెంటీమీటర్ల తేడా ఉందని ఇంజనీర్లకు ముందే తెలుసు. సవరణలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. 2003లో చూసుకుంటే రెండు వైపుల మధ్య తేడా 54 సెంటీమీటర్లయింది. తేడా తెలిసినవాళ్లకే అంత నష్టమైతే, అసలు రాసివ్వని మన సంగతేమిటి?

ఇంకా ఉంది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మూడు యూటీఎం జోన్లున్నాయి. అనంతపురం 43లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఏలూరు దగ్గర నేల మీద కొలిచిన కిలోమీటరు యూటీఎం గ్రిడ్‌లో సుమారు 40 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఇచ్చిన దూరం నేల మీదిదా, గ్రిడ్ మీదిదా అన్న ఒక్క ముక్క రాయడానికి ఎవరికీ తీరిక లేదు. బొమ్మ షీటులో పట్టలేదని డ్రాఫ్ట్స్‌మన్ దాన్ని జరిపి, తిప్పి, అలాగే సేవ్ చేస్తాడు. 12-3 అన్న పాయింటు నంబరును ఎక్సెల్ తేదీగా మార్చేస్తుంది. ముడి ఫైలు చేతిలో ఉంటే ఇవన్నీ గంటలో సరిదిద్దుకోవచ్చు. అది లేకపోతే మళ్లీ సర్వే, మళ్లీ ఖర్చు. ఈలోగా కాంక్రీటు పడిపోయిందా, ఇక కోర్టే గతి.

‘ముడి డేటా మా వృత్తి రహస్యం, ఇచ్చేస్తే ఇంకొకడు వాడుకుంటాడు’ అంటారు కొందరు సర్వేయర్లు. నేను ఒప్పుకోను. సర్వేయరు నైపుణ్యం మెషీన్‌ను ఎక్కడ నిలబెట్టాలి, కంట్రోల్ పాయింట్లు ఎలా కట్టాలి, తప్పును ఎలా పట్టాలి అన్న దానిలో ఉంది. ఫైలు ఇచ్చినంత మాత్రాన అది ఎక్కడికీ పోదు. పైగా రేపు గోడ పక్కకు పోయిందని నిందవేస్తే సర్వేయరు పక్షాన సాక్ష్యం చెప్పేది ఆ ముడి ఫైలే. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే కొలతలూ లెక్కలూ 1870 నుంచి సంపుటాలుగా అచ్చయ్యాయి. ఎవరైనా తిరగేసి లెక్క సరిచూసుకునే వీలు కలిగింది. చేత్తో లెక్కలు కట్టినవాళ్లు అంత బాధ్యత చూపారు. పెన్ డ్రైవ్ చేతిలో ఉన్న మనం ఒక్క ఫైలు ఇవ్వలేమా?

అయితే అసలు దోషి సర్వేయరు కాదు. ‘సాఫ్ట్ కాపీ ఒకటి, హార్డ్ కాపీలు మూడు’ అని టెండరు రాసే ఆఫీసరు, దాన్ని చదవకుండా సంతకం పెట్టే ఇంజనీరు, చవగ్గా వస్తే చాలనుకునే బిల్డరు. అడగనివాడికి ఎవరూ ఇవ్వరు. సాధనాలు లేవనడానికీ వీల్లేదు. డీఎక్స్‌ఎఫ్ 1982 నుంచి ఉంది. నేల ఉపరితలాలు, అలైన్‌మెంట్లు పంపడానికి ల్యాండ్‌ఎక్స్‌ఎంఎల్ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల, సర్వేల మీద పాత ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే, ఉపగ్రహ సిగ్నళ్లను నిరంతరం నమోదు చేసే కోర్స్ స్టేషన్ల ఆధారంగా సాగింది. కొలతలన్నిటినీ ఒకే ఆధారానికి కట్టే దారి దొరికాక కూడా 1000, 1000, 100 అని ఊహించుకుంటూ కూర్చోవడం సోమరితనం.

కాబట్టి ప్రతి వర్క్ ఆర్డరులో ఈ మాటలు ఉండాల్సిందే. మెషీన్‌లోంచి తీసిన ముడి జాబ్ ఫైలు. ఏ గడిలో ఏముందో తలమీద రాసిన సీఎస్‌వీ. జరపని, తిప్పని డీఎక్స్‌ఎఫ్. డేటమ్, జోన్, ఎత్తుల ఆధారం, యూనిట్లు, కంట్రోల్ పాయింట్ల గుర్తులు రాసి సంతకం పెట్టిన ఒక పేజీ. క్యాడ్‌లోకి తెచ్చాక సైటులో మళ్లీ కొలిచి సరిచూసిన రెండు పాయింట్లు, అవి ఒకటి వాయవ్య మూలన, ఇంకొకటి ఆగ్నేయ మూలన. దీనికయ్యే ఖర్చు ఒక్క ఫుటింగ్ పగలగొట్టే ఖర్చు ముందు ఎంత?

కొత్తగా ఉద్యోగంలో చేరిన సైట్ ఇంజనీర్లూ, ఈ మార్పు మీ చేతుల్లోనే ఉంది. బొమ్మ ఎంత అందంగా ఉన్నా తీసుకోకండి. ముడి ఫైలు చేతికొచ్చి, మీరే తెరిచి చూసి, రెండు పాయింట్లు నేల మీద కలిశాకే బిల్లు మీద సంతకం పెట్టండి. పైవాళ్లు తొందరపెడితే, ఎందుకు పెట్టలేదో కాగితం మీద రాసివ్వండి.