కొనడం ఒక్కసారి, కాపాడటం ఏటేటా

తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి,

నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. చదువు ఇంతగా ఆన్‌లైన్‌కు చేరాక, సాఫ్ట్‌వేర్ నిర్వహణకు ఈ రెండు విశ్వవిద్యాలయాల బడ్జెట్లలో ఏటా ప్రత్యేక పద్దు ఉండాలన్నదే నా విన్నపం. చెరువు తవ్వించి వదిలేస్తే పూడిపోతుంది, సాఫ్ట్‌వేరూ అంతే.

నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని కొందరంటారు. కానీ 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లను మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ అందులో చిక్కాయి. సవరణ వెలువడిందంటే లోపం ఎక్కడుందో దొంగకూ తెలిసినట్టే. అప్‌డేట్‌తో ఉన్నది చెడిపోతుందన్న భయం నిజమే. దానికి మందు వాయిదా కాదు: ముందుగా బ్యాకప్ తీసి, నకలు ప్రతిపై పరీక్షించి, పరీక్షలూ ప్రవేశాలూ లేని రోజుల్లో మార్చడం. డబ్బు లేదనే మాటా వినిపిస్తుంది. కానీ గ్రంథాలయానికి కోహా, డిజిటల్ భాండాగారానికి డీస్పేస్, ఆన్‌లైన్ బోధనకు మూడుల్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. ప్రధాన ఖర్చు వాటిని చూసుకునే మనుషులకే. రెండు విశ్వవిద్యాలయాలకూ కలిపి ఒక చిన్న శాశ్వత బృందాన్ని నియమిస్తే ఆ భారమూ సగమవుతుంది. వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లోనే దీన్ని చేర్చమని ఆదేశించగలరు.

ఇట్లు,
దక్షిణ తెలంగాణ పౌరుడు