చోటు తప్పని శిల్పము

ఆభరణమునకు అందము మెరుగునందే కాదు, అది అమరిన చోటునందును ఉన్నది. ముక్కున ఉన్నంత వరకే ముక్కెర ముక్కెర. పెట్టెలో పడిన నాడు అది తూకమునకు వచ్చు బంగారము మాత్రమే. దేవాలయములకును అర్చనాపరికరములకును అలంకారముగా శిల్పులు సంతరించిన ప్రతిమల విషయమునను ఇదియే న్యాయము. ఈ సత్యమునకు పాలంపేటలోని రామప్ప దేవాలయమును మించిన నిదర్శనము తెలుగునాట అరుదు.

కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ రుద్రేశ్వరాలయమును నెలకొల్పెను. గుడి గోడలు ఎఱ్ఱని ఇసుకరాయి. మూడు ప్రవేశద్వారముల చెంత, స్తంభముల భుజములనుండి చూరుల వఱకు ఏటవాలుగా నిలిచిన పండ్రెండుగురు మదనికలు మాత్రము నల్లరాతి బొమ్మలు. కప్పు భారమును తామే మోయుచున్నట్లు కనబడుచు, క్రింద నిలిచినవాని వైపు ముందుకు వంగి చూచుచుందురు. నాగిని యొకతె, ఎత్తుమడమల పాదరక్షలు తొడిగిన వనిత యొకతె, తక్కినవారిది ఒక్కొక్కరిది ఒక్కొక్క భంగిమ. ఇసుకరాతి ఎఱుపుప్రక్కన నల్లరాతి నునుపు అద్దమువలె మెరయును. రంగు పూయకయే రంగు చూపిన నేర్పు అది.

సరిగా ఆ కాలముననే, ఫ్రాన్సు దేశమందలి లిమోజ్ పట్టణమున మరియొక శిల్పిలోకము పనిలో నిమగ్నమై యుండెను. రాగిరేకున గుంటలు తొలిచి, రంగుగాజు పొడి నింపి, నిప్పున కరగించి అతికించుట వారి విద్య. మన మీనాకారీ పనికి అది దాయాది. దానితో క్రీస్తును, అపొస్తలులను, పునీతులను చిన్న చిన్న ప్రతిమలుగా మలచి, బంగారు పూత పూసి, శిలువలకును, పవిత్రాస్థికలు దాచు పేటికలకును, గ్రంథముల అట్టలకును మేకులతో బిగించెడివారు. కాలము మారినది. ఆ ప్రాంతపు గ్రాన్‌మాన్ మఠము 18వ శతాబ్దపు చివర రూపుమాసినది. దాని ప్రధానపీఠపు లోహము తుక్కు క్రింద అమ్ముడుపోయినది. ఆ పీఠమునకు చెందినవని పండితులు తలచు అపొస్తలుల ప్రతిమలు నేడు ప్యారిస్, ఫ్లారెన్స్, న్యూయార్క్, సెంట్ పీటర్స్‌బర్గ్ నగరముల ప్రదర్శనశాలలలో తలయొక దిక్కున ఉన్నవి. ఇట్లు చెదరిన లిమోజ్ ప్రతిమలలో అనేకములకు మేకులు దిగిన రంధ్రములు ఇప్పటికిని కనబడును. బొమ్మ చెక్కుచెదరలేదు, అది ఎవరి ప్రక్కన నిలిచెనో, ఎవరివైపు చూచెనో చెప్పువారు మాత్రము లేరు.

రామప్ప మదనికలకు ఈ గతి పట్టలేదు. ఎనిమిది వందల యేండ్లుగా చోటు తప్పక నిలిచియున్నారు. దీనిని సామాన్య భాగ్యముగా ఎంచరాదు. ఓరుగల్లు కోటలో స్వయంభూదేవుని ఆలయము కూలి, నాలుగు తోరణములు నిలిచినవి. తక్కిన శిల్పఖండములు చెల్లాచెదరైనవి. అంతదూర మేల? రామప్ప ప్రాంగణమునందే కామేశ్వరాలయమును పునర్నిర్మాణమునకై విప్పగా, ఆ రాళ్లు ఏండ్ల తరబడి విడివిడిగా పడియుండవలసి వచ్చినది. విప్పుటకు వలసినది యంత్రబలము. కూర్చుటకు వలసినది ఓర్పు, విద్య, నిరంతరమైన శ్రద్ధ.

అయితే చోటు తప్పకున్నను అర్థము తప్పిపోవు ప్రమాదము వేరొకటి కలదు. 2021 జూలైలో యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. యాత్రికులు వచ్చుచున్నారు, మడమజోళ్ల వనితను చూచి, ముచ్చటపడి, ఛాయాచిత్రము తీసికొని మరలుచున్నారు. ఆమె నిలిచిన భంగిమ యేది, ఆ అంగవిన్యాసమునకు నాట్యశాస్త్రమున పేరేమి అని అడుగువారును అరుదు, చెప్పువారును అరుదు. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని నృత్తరత్నావళిని రచించినది 1254 ప్రాంతమున; అనగా గుడి వెలసిన నలుబది యేండ్ల తరువాత. శిల్పము ముందు, శాస్త్రము పిదప. శాస్త్రము చూచి శిల్పి చెక్కలేదు; శిల్పి చూచిన ఆటనే పిమ్మట శాస్త్రకారుడు లక్షణబద్ధము చేసెననుట సమంజసము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ సంస్కృత గ్రంథమును తెనిగించిరి. నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథమును, ఈ శిల్పమును ఎదురెదుర నుంచుకొని పేరిణి తాండవమునకు పునర్జన్మ నిచ్చిరి. చోటు తప్పని శిల్పమే ఆటను తిరిగి తెచ్చినది. ఆ బొమ్మలు పండ్రెండు ఊళ్ల ప్రదర్శనశాలలలో నుండియుండినచో ఈ పని సాధ్యమయ్యెడిదా?

కావున ఆలయరక్షణ యనగా రాయిని కాపాడుట మాత్రమే కాదు. 1922లోనే గులాం యజ్దానీగారు పాలంపేట ఆలయములపై గ్రంథము వెలువరించి త్రోవ చూపిరి. మన విశ్వవిద్యాలయముల తెలుగు, నాట్య, పురావస్తు శాఖలు కలసి ఒక్కొక్క మదనికకు భంగిమను, లక్షణమును, వేషభూషలను సుబోధమైన తెలుగున వివరించు పుస్తకము నొకటి సిద్ధపరుపవలెను. అది కొద్ది వెలకు గుడివాకిట దొరకవలెను. పర్యాటకులకు దారిచూపువారికి దానిని పాఠముగా చెప్పవలెను. విప్పిన రాయి ఏదైనను తన చోటికి తాను చేరువఱకు ఆ పని ముగిసినట్లు లెక్క వ్రాయరాదు.

శిల్పి తన వంతు పని ఏనాడో ముగించెను. ఆ బొమ్మలు ముందుకు వంగి చూచుచున్నవి. ఎదుట నిలిచి వాని భాష నేర్చుకొనుట మన వంతు.