సన్మానం సరే, చేసిన పని చెప్పండి

ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రాలు అందుకున్నవారి పేర్లు పత్రికల్లో కనిపిస్తాయి. మంచి ఆనవాయితీ. అయితే ఎవరు ఏం చేశారో ఒక్క వాక్యమైనా ఉండదు.

2024 సెప్టెంబరును తలచుకోండి. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లను విరగ్గొడితే, నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో కొత్తవి అమర్చారు. ఆయన పేరు రాష్ట్రమంతా మారుమోగింది, మోగాల్సిందే. మరి నీరు తీశాక ఇళ్లలో పేరుకున్న బురదను ఫైరింజన్లతో కడిగినవారు? నానిపోయిన పరుపులు, ముక్కిపోయిన బియ్యం బస్తాలు చేతులతో ఎత్తిపోసిన పారిశుద్ధ్య కార్మికులు? వారిలో ఎందరో ఇతర మున్సిపాలిటీల నుంచి వచ్చినవారే. వారి పేర్లు మనకు తెలియవు. ఇది మనల్ని బాధించాలి.

కంకిపాడులో పుట్టి, విజయవాడ ఎంపీగా, కేంద్రమంత్రిగా పనిచేసిన ఇంజనీరు కె.ఎల్.రావు పేరు పులిచింతల ప్రాజెక్టుకు పెట్టుకున్నాం. సముచిత గౌరవమే. ఆ నీటినే శివారు పొలాల దాకా చేర్చడానికి అర్ధరాత్రి కాలువగట్టు మీద షట్టర్లు తిప్పే లస్కర్‌ను వేదిక ఎక్కించడం మాత్రం అరుదు.

పేర్లను ప్రతిపాదించే అవకాశం గ్రామసభలకు, వార్డు ప్రజలకు ఇవ్వాలి. ఔట్‌సోర్సింగ్ సిబ్బందినీ పరిగణించాలి. ఎంపికైనవారు చేసిన పనిని సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. వచ్చే జాబితాతోనే ఇది మొదలుకావాలి.