గడువు సంగతి దుకాణదారుకి చెప్పండి: షాపిఫై అధినేతకు బహిరంగ లేఖ

షాపిఫై సీఈఓ టోబీ లుట్కే గారికి,

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చిన్న ఆన్‌లైన్ దుకాణాల సాంకేతిక పనులు చూసే డెవలపర్‌ని. మంగళగిరి చీరలు, ఆత్రేయపురం పూతరేకులు, ఆవకాయ, కొండపల్లి బొమ్మలు అమ్ముకునేవాళ్లకు మీ వేదిక అక్కరకొచ్చింది. కౌంటరు ముందు కూర్చుని ఊళ్లోవాళ్లకు అమ్మే మనిషి, అదే రోజు డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకు పార్శిల్ కట్టగలుగుతున్నాడు. ఆ మేలు మరిచిపోయి రాస్తున్న లేఖ కాదిది. కొద్ది ఏళ్లుగా మీ డెవలపర్ విభాగం వరసగా ప్రకటిస్తున్న మార్పులూ వాటి గడువులూ ఇలాంటి దుకాణాల మీద ఎలా పడుతున్నాయో మీ దృష్టికి తేవాలని రాస్తున్నాను.

మార్పులు వద్దని నేను అనను. చెకౌట్ పేజీలో ఎవరి కోడ్ పడితే వాళ్ల కోడ్ నడిచే పాత పద్ధతికి స్వస్తి చెప్పాల్సిందే. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వెబ్‌సైటులోకి దొంగలు దూర్చింది 22 వరసల కోడ్. అది చెల్లింపు పేజీలో కూర్చుని లక్షల మంది కార్డు వివరాలను బయటికి చేరవేసింది. 2020లో బ్రిటన్ సమాచార కమిషనర్ ఆ సంస్థకు 2 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం కొత్త రూపం కూడా, చెల్లింపు పేజీలో నడిచే ప్రతి స్క్రిప్టుకూ లెక్క ఉండాలని 2025 మార్చి 31 నుంచి పట్టుబడుతోంది. ఆ పని మీరు దుకాణదారు నెత్తిన వేయకుండా మీ భుజాన వేసుకున్నారు. చెకౌట్‌లో పాత లిక్విడ్ ఫైలును తీసేసి, హద్దులు గీసిన ఎక్స్‌టెన్షన్లు పెట్టారు. 2025-10 వెర్షన్ నుంచి ఒక్కో ఎక్స్‌టెన్షన్ 64 కిలోబైట్లు దాటకూడదన్నారు. మా డెవలపర్లకు అది కష్టమే. కానీ పల్లెలో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్లో కొనేవాళ్లకు సుఖం. వాళ్ల సుఖం కోసం మేం నాలుగు రాత్రులు మేలుకుంటే తప్పేమీ లేదు.

ఒక వస్తువుకు 100 వేరియంట్లే అన్న పాత హద్దును 2048కి పెంచినందుకైతే మనసారా కృతజ్ఞతలు. 12 రంగులు, 10 జాకెట్టు సైజులు పెడితేనే 120 అయిపోతుంది. ఒకే చీరను రెండు వస్తువులుగా విడగొట్టి చూపాల్సి వచ్చేది. చేనేత దుకాణాలకు ఇది నిజమైన ఊరట.

నా ఫిర్యాదు వేరే చోట ఉంది. మీరు ఒక పాత వసతిని తీసేసినప్పుడు దుకాణం మూతపడదు. ఆర్డర్లు వస్తాయి, డబ్బు పడుతుంది, పార్శిళ్లు వెళ్తాయి. ఆగిపోయేది లోపల ఎక్కడో ఉంటుంది, ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు.

సెట్టింగ్స్‌లో చెకౌట్ విభాగంలోకి వెళ్లి కిందికి దిగితే ‘అడిషనల్ స్క్రిప్ట్స్’ అని ఒక పెట్టె ఉంటుంది. ఆర్డరు పూర్తయ్యాక కనిపించే థాంక్యూ పేజీలో నడిచే కోడ్ అందులో ఉంటుంది. చిన్న దుకాణాల్లో ఆ పెట్టెలో ఏముంటుందో మీకు చెప్పాలి. పైన ఫేస్‌బుక్ పిక్సెల్. దాని కింద గూగుల్ ప్రకటనల లెక్క. ఆ కింద ‘మీ ఆర్డర్ గురించి వాట్సాప్‌లో అడగండి’ అనే పచ్చ బటను. చివర్న, క్యాష్ ఆన్ డెలివరీ ఎంచుకున్నవాళ్లకు ‘మా వాళ్లు ఫోన్ చేస్తారు, ఎత్తండి’ అని తెలుగులో ఒక వాక్యం. ఒక్కో ముక్కనూ ఒక్కో మనిషి అతికించి ఉంటాడు: ఒకటి దుకాణం కట్టిన ఫ్రీలాన్సరు, ఒకటి ప్రకటనలు చూసే ఏజెన్సీ, ఇంకొకటి ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు. వాళ్లెవరూ ఇప్పుడు అక్కడ లేరు. యజమానికి ఆ పెట్టె ఉన్నట్టే తెలియదు.

మీ పెద్ద ప్లాను ‘ప్లస్’ తీసుకున్న దుకాణాలు కాక మిగిలిన అందరికీ ఆ పెట్టె గడువు 2026 ఆగస్టు 26 అని మీరే ప్రకటించారు. ఆ ముక్కల్ని కొత్త పద్ధతిలోకి మార్చుకోకపోతే ఏమవుతుందో చూడండి. ప్రకటన చూసి వచ్చిన కొనుగోలుదారు ఎప్పటిలాగే చీర కొంటాడు. కానీ కొన్నట్టు ఫేస్‌బుక్‌కు కబురు వెళ్లదు. ప్రకటనల ఖాతాలో అమ్మకాలు సున్నా అని కనిపిస్తుంది. ఏ ప్రకటనకు ఎవరు కొంటున్నారో తెలియక ఆ యంత్రం కొననివాళ్లకు కూడా చూపించడం మొదలుపెడుతుంది. ఖర్చు పెరుగుతుంది, గిరాకీ తగ్గుతుంది. యజమాని ‘ఈ సీజన్ బాలేదు’ అనుకుంటాడు, లేదా ‘ప్రకటనలు దండగ’ అని ఆపేస్తాడు. కారణం ఆ పెట్టెలో ఉందని ఆయన ఊహించనైనా ఊహించడు.

ఇలాంటిదే ఇంకొకటి, ఇది డెవలపర్లకు బాగా తెలిసిన సంగతి. 2024 అక్టోబరు 1 నుంచి, బయటి ప్రోగ్రాములు మీ వేదికతో మాట్లాడే రెస్ట్ ఏపీఐని పాతదిగా ప్రకటించారు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త పబ్లిక్ యాప్‌లన్నీ గ్రాఫ్‌క్యూఎల్‌తోనే రావాలన్నారు. గ్రాఫ్‌క్యూఎల్ మేలైన పద్ధతే, వాదన లేదు. కానీ రెండూ తప్పును చెప్పే తీరు పూర్తిగా వేరు. రెస్ట్‌లో మనం పంపింది చెల్లకపోతే జవాబు పైనే 422 అని వచ్చేది. చూడగానే తెలిసేది. గ్రాఫ్‌క్యూఎల్‌లో అదే తప్పుకు పైన 200 అనే వస్తుంది, అంటే అంతా సవ్యమని. తిరస్కరించిన సంగతి లోపల ‘యూజర్ ఎర్రర్స్’ అనే జాబితాలో ఉంటుంది. పాత కోడ్‌ను హడావుడిగా కొత్త దారికి మళ్లించినవాళ్లు ఆ లోపలి జాబితా చూడటం మరిచిపోవడం చాలా తేలిక.

చేనేతలో చాలా చీరలకు ఒక్కటే పీసు ఉంటుంది. కొట్లో ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఆన్‌లైన్ స్టాకు సరిచేసే చిన్న ప్రోగ్రాం ఉందనుకోండి. కొట్లో చీర అమ్ముడైంది. ప్రోగ్రాం ‘స్టాకు సున్నా’ అని పంపింది, మీ సర్వరు ఏదో కారణంతో ఒప్పుకోలేదు, పైన మాత్రం 200 అంది. ప్రోగ్రాం పని అయిపోయిందనుకుంది. వెబ్‌సైటులో చీర ఇంకా ఉంది. న్యూజెర్సీలో ఒకావిడ కూతురి ఓణీల ఫంక్షన్ కోసం దాన్ని కొని డబ్బు కట్టేసింది. ఇప్పుడు ఆవిడకు ఫోన్ చేసి, క్షమించమని అడిగి, డబ్బు వెనక్కి పంపాలి. ఆవిడ మళ్లీ ఆ దుకాణం గడప తొక్కుతుందా?

మీ ఏపీఐ వెర్షన్లు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు. ఒక్కోటి కనీసం 12 నెలలు నిలుస్తుంది. ఈ క్రమశిక్షణ నాకు ఇష్టం, చాలా సంస్థల్లో ఇంత నియమం ఉండదు. కానీ కాలం తీరిన వెర్షన్‌ను ఏదైనా ప్రోగ్రాం అడిగితే మీరు కాదనరు. అప్పటికి చెల్లుబాటులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతదానితో జవాబిచ్చి పంపిస్తారు. దుకాణం ఆగకూడదన్న మంచి ఉద్దేశమే అయ్యుండవచ్చు. ఫలితం మాత్రం, 2023లో రాసిన ప్రోగ్రాం తాను అడిగిందే వచ్చిందనుకుంటూ వేరే నియమాలతో నడుస్తూ ఉంటుంది. ఇక్కడా చప్పుడు లేదు.

ఇవన్నీ మీ డెవలపర్ ఛేంజ్‌లాగ్‌లో వివరంగా ఉంటాయని మీవాళ్లు అంటారు. నిజమే, ఉంటాయి. ‘చర్య అవసరం’ అని ముద్ర వేసి మరీ రాస్తారు. నేను వాటిని శ్రద్ధగా చదువుతాను. కానీ నెలనెలా నాకు జీతమిచ్చి వాటిని చదివించే స్తోమత ఎన్ని దుకాణాలకు ఉంది? చాలా చోట్ల డెవలపర్ దుకాణం కట్టిన రోజు వచ్చి, బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. అతను వెళ్లిన తర్వాత వచ్చే కబురు అతని పేరుకే వస్తుంటే, దుకాణంలో దాన్ని అందుకునేవారే లేరు. థాంక్యూ పేజీ మార్పుకు ముందు అడ్మిన్‌లో ఒక నివేదిక చూపిస్తున్నారు, అది మంచి ప్రయత్నం. అయితే అదీ స్క్రిప్టుల భాషలోనే మాట్లాడుతుంది.

తేదీల గురించి కూడా చెప్పాలి. చెకౌట్ మొదటి పేజీల గడువు 2024 ఆగస్టు 13. ఆ నెల 16న వరలక్ష్మీ వ్రతం. ప్లస్ దుకాణాల థాంక్యూ పేజీ గడువు 2025 ఆగస్టు 28. అంతకు ముందు రోజే వినాయక చవితి. ఇప్పుడు మిగతా అందరి గడువు 2026 ఆగస్టు 26. ఆ తర్వాత రెండు రోజులకే రాఖీ పౌర్ణమి, శ్రావణం నడిమధ్యలో. నవంబరు చివరి బ్లాక్ ఫ్రైడే నాటికి అన్నీ కుదురుకోవాలని ఆగస్టు ఎంచుకుని ఉంటారని ఊహించగలను. అమెరికా దుకాణానికి ఆగస్టు తీరిక నెల కావచ్చు. మాకు శ్రావణ మాసమంటే చీరలు, పసుపు కుంకుమలు, వెండి సామాను, పిండివంటలు అన్నీ కలిసి ఏడాదిలో కొట్టు కిటకిటలాడే కాలం. ఆ వారంలో చెకౌట్ పేజీ ముట్టుకోమంటే ఏ యజమానీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. 175కు పైగా దేశాల్లో వ్యాపారులున్నారని మీ సంస్థ చెప్పుకుంటుంది. గడువులు పెట్టేటప్పుడు ఆ దేశాల పండగల క్యాలెండర్ కూడా బల్ల మీద ఉండాలి. ఆషాఢంలో పెట్టండి. మా వర్తకులకు అది మందకొడి నెల, అప్పుడైతే ఏ మార్పుకైనా ఓపిక ఉంటుంది.

ప్లస్ దుకాణాలు చెకౌట్‌లో తగ్గింపుల లాంటివాటికి వాడే ‘స్క్రిప్ట్స్’ అనే వేరే వసతి విషయంలో మీరే ఒక మంచి ఉదాహరణ చూపారు. 2025 ఆగస్టు 28న ముగుస్తాయన్నారు, తర్వాత 2026 జూన్ 30కి జరిపారు. గడువు జరపడం నామోషీ కాదు, వ్యాపారుల ఇబ్బంది విన్నారన్నమాట. అయితే పెద్ద దుకాణాలకు మీ దగ్గర మాట్లాడటానికి మనుషులున్నారు. నెలకు రెండు వేల రూపాయల లోపు ప్లాను కట్టే దుకాణం తరఫున అడిగేదెవరు? అందుకే ముందు ప్రత్యామ్నాయం పాతది చేసే పనులన్నీ చేస్తోందని తేల్చుకుని, ఆ తర్వాతే తేదీ ప్రకటించే పద్ధతి పెట్టుకోండి. జరుపుతారులే అన్న అలవాటు ఒకసారి పడితే నిజమైన గడువును కూడా ఎవరూ లెక్కచేయరు.

లుట్కే గారూ, మీ కథ మాకందరికీ తెలుసు. 2004లో ఒట్టావాలో స్నోబోర్డులు అమ్మే ‘స్నోడెవిల్’ దుకాణం తెరిచారు. అప్పటికి దొరికే సాఫ్ట్‌వేర్ నచ్చక రూబీ ఆన్ రైల్స్‌లో సొంతంగా రాసుకున్నారు. అదే 2006లో షాపిఫై అయింది. అంటే మీరు ముందు దుకాణదారు. ఆ దుకాణదారుకు కోడ్ రావడం వల్ల ఇదంతా సాధ్యమైంది. ఈరోజు మీ వేదిక మీదున్న అత్యధికులకు కోడ్ రాదు. కోడ్ రానక్కర్లేదని చెప్పే మీరు వాళ్లను పిలిచారు. ఆ మాట దుకాణం తెరిచే రోజుకే పరిమితం కాకూడదు.

మీరు చేయగలిగింది చాలా ఉంది. ఏ దుకాణంలో ఆ పెట్టె నిండి ఉందో, ఏ దుకాణం తరఫున కాలం తీరిన వెర్షన్ అడుగుతున్నారో మీ సర్వర్లకు తెలుసు. ఆ దుకాణం యజమానికి, ఆయన రోజూ ఆర్డర్లు చూసుకునే తెర మీదే, ఆయన చదివే భాషలో రాయండి. ‘ఫలానా తేదీ తర్వాత మీ ఫేస్‌బుక్ ప్రకటనలకు అమ్మకాల లెక్క చేరదు. మీ వాట్సాప్ బటను కనిపించదు. ఇది సరిచేయడానికి ఇంత సమయం పడుతుంది, ఈ పని తెలిసినవాళ్లు వీళ్లు.’ ఇంత చాలు. తెలుగులో, తమిళంలో, హిందీలో ఈ కొద్ది వాక్యాలు రాయించడం మీ సంస్థకు పెద్ద ఖర్చు కాదు. గడువు దాటాక ఏదైనా ఆగిపోతే, ఆగిందని మరుసటి రోజే యజమాని ఫోనుకు కబురు పెట్టండి.

ఈ లేఖ చదివే తెలుగు దుకాణదారులకు ఒక మాట. షాపిఫై నుంచి కబురు వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే మీ అడ్మిన్‌లో సెట్టింగ్స్ తెరిచి, చెకౌట్ కింద అడిషనల్ స్క్రిప్ట్స్ పెట్టెలో ఏముందో చూడండి. ఖాళీగా ఉంటే నిశ్చింత. ఏదైనా ఉంటే అర్థం కాకపోయినా ఫొటో తీసి, మీ దుకాణం కట్టినవాళ్లకు పంపి, ఒక్కో ముక్క ఏ పనికో రాసివ్వమనండి. మీకు ఉన్న సొంత యాప్‌లు రెస్ట్‌తో నడుస్తున్నాయో గ్రాఫ్‌క్యూఎల్‌తో నడుస్తున్నాయో కూడా అడగండి. శ్రావణం రాకముందే, ఆషాఢంలోనే, ఆ పని పూర్తి చేయించుకోండి.

ఇట్లు,
చిన్న దుకాణాల పని చూసే ఒక తెలుగు డెవలపర్