ఏజెంటుకు అవతారిక వినిపించకండి

కొన్నేళ్ళుగా నా దగ్గరకు ఒక కొత్త రకం దిద్దుబాటు పని వస్తున్నది. పూర్వం శిష్యులు పద్యాలు తెచ్చి యతిప్రాసలు సరిచూడమనేవారు. ఇప్పుడు వారిలో కొందరు, మరికొందరి పిల్లలు, ఆంగ్లంలో నవల వ్రాసి గాని, మన తెలుగు నవలను ఆంగ్లంలోకి అనువదించి గాని, లండనులోనో న్యూయార్కులోనో ఢిల్లీలోనో ఉన్న సాహిత్య ఏజెంటుకు పంపదలచిన ఉత్తరాన్ని ముందు నాకు చూపిస్తున్నారు. నాది హైస్కూలు ఆంగ్లం. వారి వ్యాకరణం దిద్దడానికి నేను తగను. అయితే ఏ భాషలో ఉన్నా ఉత్తరం ఉత్తరమే గదా! ఎవరికి, ఎందుకు వ్రాస్తున్నామో తెలియక వ్రాసినది రెండో వాక్యంలోనే పట్టుబడుతుంది.

ఆ ఉత్తరాలు చదివాక, ఆ వృత్తిని గురించి దొరికినంత మేరకు తెలుసుకున్నాక, నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. మనవారు ఏజెంటును ప్రభువనుకుంటున్నారు. ఏజెంటు ప్రభువు కాదు, పోషకుడు కాదు, పండిత పరిషత్తు అంతకన్నా కాదు. మన పుస్తకాన్ని ప్రచురణకర్తకు అమ్మిపెట్టి, అమ్ముడైతేనే తన వాటా పుచ్చుకునే వృత్తిదారు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ఉత్తరాలు పాడవుతున్నాయి. కొందరి విషయంలో డబ్బు కూడా పోతున్నది.

మనకు ఇన్సూరెన్సు ఏజెంటు తెలుసు, బస్సు టిక్కెట్ల ఏజెంటు తెలుసు. సాహిత్యానికి ఏజెంటు ఉంటాడని మన తరం రచయితలకు తోచనే లేదు, ఆ అవసరమూ పడలేదు. కథ వ్రాస్తే నేరుగా వారపత్రిక సంపాదకునికి పంపేవాళ్ళం. ఇది నా స్వంత రచన, అనువాదం గాని అనుకరణ గాని కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని ఒక హామీపత్రం, తిరుగు టపాకు బిళ్ళలు అంటించిన కవరు జతచేస్తే సరిపోయేది. ఇంగ్లండులో సంగతి వేరు. అక్కడ 1870ల నాటికే ఎ.పి. వాట్ అనే ఆయన లండనులో ఈ పనిని వృత్తిగా పెట్టుకుని, రచయితకు వచ్చిన సొమ్ములో నూటికి పది తీసుకునేవాడు. కిప్లింగు, థామస్ హార్డీ, కానన్ డాయిల్ వంటివారు ఆయనకు ఖాతాదార్లు. ఈనాడు ఆ వాటా సాధారణంగా స్వదేశపు అమ్మకాలకు 15 శాతం, విదేశీ హక్కులకూ అనువాద హక్కులకూ 20 శాతం. పాశ్చాత్య దేశాల పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు రచయిత నేరుగా పంపిన వ్రాతప్రతిని చదవవు. కాబట్టి ఏజెంటు అక్కడ వాకిలి వంటివాడు. వాకిలి ముందు నిలబడి దండకం చదవడం దేనికి?

చదువుతున్నారు. నేను చూసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన ప్రబంధాల అవతారికలే. ఇష్టదేవతాస్తుతి ఉంటుంది: చిన్ననాట కథలు చెప్పిన నాయనమ్మకూ, చదువు చెప్పిన గురువులకూ నమస్కారాలు. పూర్వకవిస్తుతి ఉంటుంది: టాల్‌స్టాయ్, టాగూరు, మార్క్వెజ్ తన మీద చూపిన ప్రభావం. కుకవినింద తప్పనిసరి: ఈ కాలపు రచయితల్లో లోతు లేదనీ, తన నవల ఆ కొరత తీరుస్తుందనీ. ఆపైన వంశవర్ణన: ఏ కాలేజీ, ఏ ఉద్యోగం, ఏ సంఘం వారి సన్మానం. చివర షష్ఠ్యంతాల్లాగా ఏజెంటుగారి కీర్తి, దయాగుణం, సాహిత్యాభిమానం. అన్నీ అయ్యేసరికి ఒక పేజీ నిండుతుంది. కథ ఏమిటో మాత్రం ఉండదు. ఒక అబ్బాయి ఉత్తరంలో కథ గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ఇది మానవ సంబంధాలను గురించిన నవల. మానవ సంబంధాలను గురించి కాని నవల ఏదైనా ఉంటే ఆ విశేషం తప్పక వ్రాయవలసిందే.

అవతారికను నేను తక్కువ చేయడం లేదు. నలభై ఏళ్ళు దాన్ని పాఠం చెప్పి బ్రతికినవాణ్ణి. కృతిపతి కావ్యానికి ముందే తెలిసినవాడు, పోషించినవాడు; ఆయన వంశం చెప్పడం ఆ కావ్యధర్మం. ఏజెంటు మనకు ఏ కృతిపతీ కాదు, మన పేరు ఎన్నడూ వినలేదు. ఆ రోజున మన ఉత్తరంతో పాటు మరెన్నో ఉత్తరాలు ఆ బల్లమీద ఉంటాయి. చదివేవారికి కావలసినది ఒక్కటే. ఎవరి కథ ఇది, వారికి ఏం కావాలి, ఏది అడ్డం వస్తున్నది, కాకపోతే ఏం పోతుంది?

ఉదాహరణకు గురజాడ వారి 'కన్యాశుల్కం' తీసుకుందాం. అది నాటకం, నవల కాదు. అయినా అందరికీ తెలిసిన కథ గనుక పనికి వస్తుంది. మనవాళ్ళ ధోరణిలో వ్రాస్తే ఇలా ఉంటుంది: పందొమ్మిదో శతాబ్దపు ఆంధ్ర సమాజంలోని దురాచారాలను హాస్యరస ప్రధానంగా ఎండగట్టిన సంఘసంస్కరణాత్మక రచన. తప్పేమీ లేదు, పరీక్షలో వ్రాస్తే మార్కులు వేస్తాను. కానీ దీన్ని చదివినవారెవరూ తరువాతి పుట తిప్పరు. ఇలా వ్రాసి చూడండి: ఒక అగ్రహారంలో ఒక తండ్రి డబ్బుకు ఆశపడి తన చిన్నకూతుర్ని ముసలివాడైన లుబ్ధావధానులుకు ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. తల్లి నూతిలో పడుతుంది. ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి ఈ పెళ్ళి తప్పించడానికి తన శిష్యుడికి ఆడవేషం వేయించి, ఆ ముసలివాడికే ఇచ్చి పెళ్ళి చేయబూనుతాడు. పెళ్ళికూతురు మగపిల్లవాడని బయటపడేలోగా వాడిని అక్కడి నుంచి తప్పించాలి.

అక్కడ ఆపండి. సంస్కరణ అన్న మాట ఎక్కడా లేదు, అయినా అంతా అందులోనే ఉన్నది. ముగింపు ఉత్తరంలో చెప్పనక్కరలేదు. దానికి వేరే కాగితం ఉంటుంది. ఒకటి రెండు పుటల కథాసంగ్రహం. అందులో మాత్రం చివరిదాకా, ఎవరికి ఏమైందో దాచకుండా చెప్పాలి. సంగ్రహంలో కూడా కథను సస్పెన్సులో వదిలేసి, మిగతాది నవలలో చదువుకోండి అన్నవారిని చూశాను. అది సినిమా పాటల పుస్తకం వెనక 'శేషం వెండితెరపై' అని వేసినట్టుంటుంది.

గురజాడ వారి ప్రస్తావన వచ్చింది గనుక మరొక మాట. 1897లో 'కన్యాశుల్కం' మొదటి ముద్రణను ఆయన విజయనగరం మహారాజు ఆనందగజపతికి అంకితమిస్తూ ఆంగ్లంలో పీఠిక వ్రాశారు. అది నిజంగానే ప్రభువుకు వ్రాసినది. అందులో సైతం ఆయన మహారాజు తయారు చేయించిన జాబితాను ప్రస్తావించారు: విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో లెక్కకు వచ్చిన శుల్క వివాహాలు 1,034, అందులో ఒక ఏడాది వయసు పిల్లలకు జరిగినవి సైతం ఉన్నాయి. తన నాటకం గొప్పదని పది విశేషణాలతో చెప్పినా ఆ ఒక్క అంకె చేసే పని చేయలేదు. మీ నవల ఏదైనా వృత్తి, ఊరు, కరువు, వలస గురించి అయితే, మీకు మాత్రమే తెలిసిన అటువంటి ఒక వివరం ఉత్తరంలో ఉండనివ్వండి.

తక్కిన నియమాలు త్వరగా చెప్పేస్తాను, ఇవి ఎక్కడైనా దొరికేవే. నవల పూర్తికాకముందు ఉత్తరం వ్రాయరాదు. కథేతర గ్రంథాలకైతే ప్రణాళిక, ఒకటి రెండు అధ్యాయాల నమూనా సాధారణంగా చాలు. ఉత్తరం ఒక పేజీ దాటరాదు. నవల పేరు, ఏ తరగతిది, ఎన్ని వేల పదాలు అన్నది ఉండాలి. బ్రిటన్‌లో సాధారణంగా మొదటి మూడు అధ్యాయాలు, కథాసంగ్రహం అడుగుతారు; అమెరికాలో కొందరు ఐదు పుటలే చాలంటారు. ప్రతి ఏజెంటూ తన నియమాలు తానే ప్రకటిస్తారు, వాటిని తు.చ. తప్పకుండా పాటించాలి. పూర్వకవిస్తుతికి కూడా అక్కడ ఒక రూపం ఉన్నది: మీ నవలను ఇష్టపడే పాఠకులు ఇంకే పుస్తకాలు ఇష్టపడతారో చెప్పాలి. అయితే అవి గత నాలుగైదేళ్ళలో వచ్చినవై ఉండాలి. టాల్‌స్టాయ్ పనికిరాడు. ఆ వృత్తిలో స్త్రీలు చాలామంది. 'డియర్ సర్' అని మొదలుపెట్టడం మన దరఖాస్తుల అలవాటు. పేరు చూసి వ్రాయడం మర్యాద. ఒకే ఈ-లేఖను ముప్ఫైమందికి, అందరి చిరునామాలూ అందరికీ కనబడేటట్లు పంపినవారున్నారు. అది పెళ్ళి శుభలేఖ కాదు.

ఇక డబ్బు సంగతి. దీనికోసమే ఈ టపా వ్రాయాలనిపించింది.

నాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడు తన నవలను ఆంగ్లంలోకి చేయించుకున్నాడు. కొన్నాళ్ళకు ఆయనకు ఒక ఈ-లేఖ వచ్చింది. తాము సాహిత్య ఏజెంట్లమనీ, ఆ నవల తమను కదిలించిందనీ, అమెరికాలో ప్రచురణకర్తలకు చూపిస్తామనీ. ముందుగా పరిశీలన రుసుము అన్నారు, తరువాత సంస్కరణ రుసుము, ఆపైన పుస్తక ప్రదర్శనలో చూపించడానికి రుసుము. ఆయన పింఛను సొమ్ములోంచి మూడు విడతలుగా పంపాడు. నాలుగోది అడిగినప్పుడు అల్లుడికి తెలిసి ఆపించాడు. పోయిన సొమ్ము పోయింది. అంతకన్నా బాధ ఏమిటంటే, ఆ మెచ్చుకోలు నిజం కాదని ఆయన నమ్మలేకపోవడం.

ఈ మోసం ఇంగ్లీషు రచయితలకూ జరుగుతుంది. మనవారు దీనికి మరింత సులభంగా లొంగడానికి ఒక కారణం ఉన్నది. తెలుగులో రచయిత తన పుస్తకాన్ని తన డబ్బుతో అచ్చు వేయించుకోవడం మామూలైపోయింది. కాగితం ఖర్చు మనది, అచ్చు ఖర్చు మనది, ఆవిష్కరణ సభలో కాఫీ ఫలహారాలు మనవి, వచ్చినవారికి ప్రతులు ఉచితం, మిగిలిన కట్టలు మంచం కింద. దాన్ని సాహిత్యసేవ అన్నాం. ఇన్నేళ్ళు ఇచ్చిన చేతికి ఎవరైనా రుసుము అడిగితే అనుమానం రాదు. పైగా ఇస్తున్నాం గనుక పని జరుగుతుందనే నమ్మకం కలుగుతుంది.

ఆ వృత్తిలో డబ్బు ప్రవహించే దిక్కు వేరు. ప్రచురణకర్త ఏజెంటుకు పంపుతాడు, ఏజెంటు తన వాటా మినహాయించుకుని రచయితకు పంపుతాడు. లక్ష రూపాయలు అడ్వాన్సు వస్తే 15 వేలు ఏజెంటువి, 85 వేలు రచయితవి. ఏమీ రాకపోతే ఏజెంటుకూ ఏమీ రాదు. బ్రిటన్, అమెరికాలలోని ఏజెంట్ల సంఘాలు తమ సభ్యులు చదవడానికి రుసుము తీసుకోరాదని నియమం పెట్టుకున్నాయి. కనుక, మొదట డబ్బు అడిగినవారు ఎంత చక్కగా పొగిడినా ఏజెంట్లు కారు. మీరు వ్రాయకుండానే మీకు వ్రాసి పొగిడినవారిని మరింత అనుమానించండి. పేరున్న ఏజెంట్ల పేర్లనే అరువు తెచ్చుకుని వ్రాసే మోసగాళ్ళూ ఉన్నారు. అటువంటప్పుడు ఆ ఏజెన్సీ అసలు చిరునామాకు విడిగా వ్రాసి అడగాలి. రైటర్ బివేర్ అనే పేరుతో అమెరికా రచయితలు కొందరు ఇటువంటి మోసాలను ఎన్నో ఏళ్ళుగా బయటపెడుతున్నారు. మీ పెద్దవాళ్ళలో ఎవరైనా నవల పట్టుకుని కూర్చుంటే వారికి దాన్ని చదివి వినిపించండి.

అనువాదాలు పంపేవారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. 2022లో హిందీ నవల అనువాదానికీ, 2025లో కన్నడ కథల అనువాదానికీ అంతర్జాతీయ బుకర్ బహుమానం వచ్చాక, తెలుగును కూడా పంపుదామన్న ఉత్సాహం పెరిగింది. మంచిదే. కానీ ఏజెంటు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, అనువాద హక్కు ఎవరిది అని. మనవారి జవాబు: రచయితగారి అబ్బాయి ఫోనులో సరేనన్నారండీ. అది చాలదు. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు వారసులకు హక్కు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో పోయారు గనుక వారు జీవించి ఉండగా వెలువడిన రచనలపై హక్కు 2021తో తీరింది. చలం 1979లో పోయారు. 2039 చివరి దాకా అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితం మీద, వారసులందరి సంతకాలతో ఉండాలి. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్ళలో ఈ సంతకాలు సంపాదించడం నవల అనువదించడం కన్నా కష్టం. అందుకే అనువాదం మొదలుపెట్టక ముందే అది చూసుకోమంటాను.

నిరీక్షణ గురించి ఒక మాట. ఆర్.కె. నారాయణ్ తన మొదటి నవలను ప్రచురణకర్తలు వరుసగా తిప్పి పంపితే విసిగి, ఆక్స్‌ఫర్డులో ఉన్న పూర్ణ అనే మిత్రుడికి, దానికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడవేయమని వ్రాశాడు. ఆ మిత్రుడు అలా చేయకుండా గ్రాహం గ్రీన్‌కు ఇచ్చాడు. 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో లండనులో వెలువడింది. ఈ కథను మనవారు అదృష్టానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. నాకు అందులో నచ్చేది పూర్ణ. చెప్పినమాట వినకుండా, ప్రతిని చేతపట్టుకుని, చదవగలిగిన మనిషి దగ్గరకు వెళ్ళాడు. ఏజెంటు చేసే పని కూడా అంతకన్నా వేరు కాదు.

మీకు పూర్ణ లేకపోతే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఎవరికి, ఏ తేదీన, ఏమేమి పంపారో వ్రాసుకోండి. ఒక్కసారే అందరికీ కాకుండా ఐదారుగురికి పంపి, ఎవరూ మొత్తం ప్రతి అడగకపోతే ఉత్తరం మార్చి మరో ఐదారుగురికి పంపండి. జవాబుకు ఆరు వారాలు పట్టవచ్చు, మూడు నెలలు పట్టవచ్చు, అసలే రాకపోవచ్చు. జవాబు రాకపోతే వద్దన్నట్టే భావించమని చాలామంది ముందే చెబుతారు. ఒకరు మొత్తం ప్రతి అడిగి, ప్రాతినిధ్యం వహిస్తామంటే, మిగిలినవారికి ఆ సంగతి తెలియజేసి వారం రెండు వారాలు గడువివ్వండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అందులో రెండు విషయాలు వెతకండి: వాటా ఎంత, విడిపోదలిస్తే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి.